చేతులు మారుచోట

2018 ఏప్రిల్ 22వ తేదీ ఆదివారమునాడు బ్రిటనులోని టి.ఎస్.బి. బ్యాంకు, తన పూర్వపు యజమానియైన లాయిడ్స్ బ్యాంకు కంప్యూటర్లలో అంతవరకు తలదాచుకొనియున్న 52 లక్షల ఖాతాదారుల లెక్కలను తన నూతన వేదికపైకి తరలించి, ప్రజలకు ద్వారములు తెరచినది. లెక్కల తరలింపు చక్కగనే ముగిసినది. కాని వేదిక పనిచేయ నారంభించిన వెంటనే కొందరికి తమ ఖాతాలు తెరచుకొనవయ్యెను. కొందరికి పరుల ఖాతాలు కనబడెను. శాఖలలోని గుమాస్తాలు కౌంటరు కావలివైపు నిలిచినవారికి బదులు చెప్పలేకపోయిరి. వ్యవహారము పూర్తిగా సర్దుకొనుటకు ఆ సంవత్సరము డిసెంబరు రావలసివచ్చెను.

ఇంతటి విపత్తును ఏ ఒక్క యంత్రముమీదనో, ఏ ఒక్క ప్రోగ్రామరుమీదనో మోపుట న్యాయము కాదు. ప్రణాళిక వ్రాసినవారున్నారు, సాఫ్ట్‌వేరు నిర్మించినవారున్నారు, పరీక్షించినవారున్నారు, ఫోనుకడ కూర్చుండి సమాధానము చెప్పినవారున్నారు. ఎవరి పని వారు చేయుచునే యుండిరి. లోపమెల్ల ఒకరి పని మరొకరి చేతిలోనికి మారుచోటనే పుట్టినదని నా నిశ్చితాభిప్రాయము.

ఈ చేతిమార్పులను గూర్చి క్రమముగా యోచించిన శాస్త్రమొకటి కలదు. 1980 దశాబ్దపు చివర బ్రిటిషు ప్రభుత్వమునకు చెందిన సి.సి.టి.ఏ. అను సంస్థ, ప్రభుత్వ కార్యాలయములలోని కంప్యూటర్ల నిర్వహణకై వరుసగా కొన్ని గ్రంథములను సిద్ధపరచెను. అవియే ఐటిల్ అను పేర లోకమంతటను వ్యాపించినవి. హైదరాబాదులో రాత్రి షిఫ్టులయందు మేల్కొని దూరదేశముల సర్వర్లను కనిపెట్టుచుండు మన యువతీయువకులకు ఈ పేరు సుపరిచితము. 2019లో వెలువడిన నాలుగవ కూర్పు సేవానిర్వహణమును ఆరు కార్యములుగా విభజించి, వాని సమాహారమునకు సర్వీస్ వాల్యూ చెయిన్ అని పేరిడినది. సంస్థలోని ఒక్కొక్క పనియు వస్తువు విలువకు ఏమి చేర్చునో విడదీసి చూచు పద్ధతిని హార్వర్డు ఆచార్యుడు మైకేల్ పోర్టరు 1985లోనే ప్రతిపాదించియుండెను. అయితే ఆయన చిత్రమున ముడిసరుకు ఒక అంచున ప్రవేశించి, సిద్ధవస్తువై మరియొక అంచున వెలువడును. ఐటిల్ చెప్పు ఆరు కార్యములకు అట్టి స్థిరమైన వరుస లేదు.

ఏమి చేయవలెనో, ఏ దిక్కునకు పోవలెనో నిర్ణయించు ప్రణాళిక. ఉన్నదానిని ఎడతెగక బాగుచేయు మెరుగుదల. ఖాతాదారులతోను సరఫరాదారులతోను మాటాడు సంప్రదింపు. సేవకు రూపమిచ్చి, పరీక్షించి, వాడుకలోనికి దింపు రూపకల్పన. కావలసిన భాగములను కొనుటయో కట్టుకొనుటయో చేయు సమీకరణము. నిత్యము సేవనందించుచు, చెడినప్పుడు చక్కదిద్దు నిర్వహణము - ఇవియే ఆ ఆరు. ప్రతి కార్యమును తక్కిన వానినుండి కొంత గ్రహించి, వానికి కొంత ఈయవలయును. పెండ్లింట పంక్తిలో వడ్డించువాడు పులుసులో ఉప్పు చాలలేదని చెప్పిపంపనిదే గాడిపొయ్యికడ నున్న వంటవానికి ఆ సంగతి తెలియదు గదా. అట్లే నిర్వహణమునందున్నవారు చూచినది వెనుకకు పోవనిదే నిర్మించువానికి తన లోపము తెలియదు.

చిన్న ఉదాహరణము చెప్పెదను. ఒకామె ఫోనులోని బ్యాంకు యాప్‌తో కరెంటుబిల్లు కట్టబోగా సొమ్ము పోయినది గాని రసీదు రాలేదు. ఆమె ఫిర్యాదు సంప్రదింపుద్వారా లోపలికి వచ్చి టికెట్టు అను పేర నమోదగును. నిర్వహణమువారు సొమ్ము వాపసు చేయింతురు. ఆమె పని అంతటితో తీరును. కాని అట్టి టికెట్లే దినదినము వచ్చుచుండినచో, మెరుగుదల వానినన్నిటిని ఒకచోట చేర్చి చూచి, మూలకారణమును వెదకించి, సమీకరణమువారిచేత ప్రోగ్రాము సవరింపజేసి, రూపకల్పనవారిచేత పరీక్షింపజేసి, మరల నిర్వహణమునకు అప్పగించును. ఒక ప్రయోజనమునకై కార్యములు ఇట్లు కలసి నడచు దారికి వాల్యూ స్ట్రీమ్ అని పేరు. పనినిబట్టి ఆ దారి మారుచుండును, ఒక్కొక్క కార్యము పలుమారులు తారసిల్లును.

ఈ దృష్టితో టి.ఎస్.బి. కథను మరల చదివినచో ఎడతెగిన ముడులు ఒక్కొక్కటిగా కానవచ్చును. 2015లో ఆ బ్యాంకును కొన్న స్పెయిను దేశపు సబడెల్ బ్యాంకు, తన అనుబంధసంస్థయైన సాబిస్‌కు వేదికానిర్మాణము నొప్పగించెను. సాబిస్ 85 ఇతర సంస్థలపై ఆధారపడెను. తరలింపు మొదట 2017 నవంబరున జరుగవలసియుండగా పని వెనుకబడినది. అంతట క్రొత్త ప్రణాళిక వ్రాసిరి. మిగిలిన పనికి ఎంత కాలము పట్టునో పనిచేయువారినుండి తెలిసికొని తేదీని నిర్ణయించుటకు మారుగా, ముందు తేదీని నిలిపి దానినుండి వెనుకకు లెక్కించి పనులను అందులో ఇమిడ్చిరని, బ్యాంకు నియమించిన న్యాయవాదుల సంస్థ 2019 నవంబరున వెలువరించిన నివేదిక తెలుపుచున్నది. నిర్మాణమునుండి ప్రణాళికకు చేరవలసిన వార్త చేరలేదు. చేరినను దానికి స్థానము లేకపోయెను.

పరీక్షల సంగతి మరింత శోచనీయము. వేదికకు ఆధారముగ రెండు డేటా సెంటర్లుండి, రెండును ఏకకాలమున పనిచేయవలసినవి. కాని అధికభారమును తట్టుకొను శక్తిని ఒక్కదానియందే పరీక్షించిరి. రెండవదానిని ఆ పరీక్షకు లోబరుపలేదు. రూపకల్పన నిర్వహణమునకు ఏమి అప్పగించుచున్నదో అప్పగించువారికిని అందుకొనువారికిని స్పష్టముగా తెలియని స్థితి యిది. లక్షలాది జనుల జీతములు, అద్దెలు, వైద్యపు ఖర్చులు ఆధారపడియున్న యంత్రమును సగము చూచి వదలుట క్షమార్హము కాదు.

2022 డిసెంబరులో బ్రిటిషు నియంత్రణసంస్థలు రెండు కలసి ఆ బ్యాంకునకు 4 కోట్ల 86 లక్షల పౌండ్లకు మించిన జరిమానా విధించెను. అంతకుముందే ఖాతాదారులకు బ్యాంకు 3 కోట్ల 27 లక్షల పౌండ్లు పరిహారముగా చెల్లించియుండెను. 2023 ఏప్రిలులో నాటి ప్రధాన సమాచారాధికారికిని స్వయముగా 81,620 పౌండ్ల జరిమానా పడినది. తరలింపునకు ముందు, అంతయు సిద్ధమేనా యని అడిగినపుడు, సాబిస్ తన సరఫరాదారులనుండి వచ్చిన లేఖలను ఆధారముగ జూపి ఔనన్నది. ఆ లేఖలలో పలువురు వ్రాసినది మేము సిద్ధపడియున్నామని కాదు, సిద్ధపడగలమని. ఆశను తెలుపు వాక్యము నిజమును తెలుపు వాక్యముగా చేతులు మారెను. సాబిస్ నిజముగా సిద్ధపడినదా యని ఆ అధికారి తగినంతగా విచారింపలేదనునదే ఆయనపై మోపబడిన దోషము.