కళాశాలకు కావలసినవారు

విద్యాసంస్థలను నిలుపు ధనము రెండు విధములు. ప్రభుత్వము ఇచ్చునది ఒకటి, ప్రజలు ఇచ్చునది రెండవది. మొదటిదానిని గూర్చి తరచు చర్చ జరుగుచుండును. కళాశాలలు, విశ్వవిద్యాలయములు ప్రజలను విరాళములు కోరు పద్ధతిని గూర్చి మాత్రము మనము ఆలోచించుట తక్కువ. ఎవరిని అడుగవలెను? ఏ భాషలో అడుగవలెను? ఇచ్చినవారిని ఎట్లు స్మరింపవలెను? ఇవి పైకి చిన్న ప్రశ్నలు. కాని వీనికి చెప్పు సమాధానమును బట్టియే ఒక కళాశాల అందరిదో, కొందరిదో ప్రజలకు తెలియును.

మన ప్రాంతమున విద్యాదానమునకు ఘనమైన చరిత్ర కలదు. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఏర్పడినపుడు కట్టమంచి రామలింగారెడ్డిగారు దాని తొలి ఉపాధ్యక్షులైరి. జయపురము మహారాజు విక్రమదేవవర్మగారి వితరణమువలన వాల్తేరున విజ్ఞానశాస్త్ర కళాశాల పెంపొందినది. 1945లో ఏలూరున వెలసిన కళాశాలకు రామలింగారెడ్డిగారి పేరే పెట్టిరి. కొల్లేటి ప్రాంతమునకు చెందిన చింతలపాటి వరప్రసాద మూర్తిరాజుగారు తండ్రి బాపిరాజుగారి పేర ధర్మసంస్థను నెలకొల్పి, తమ ఆస్తిని ధారపోసి, పల్లెలలో పాఠశాలలు, కళాశాలలు స్థాపించిరి. పట్టణమునకు పంపి చదివించు స్తోమత లేని కుటుంబములకు చదువు ఊరి దాపునకు వచ్చినది.

పెద్ద దాతల దానముతోపాటు చిన్నవారి దానమును మనకు తెలియనిది కాదు. ఇల్లాలు వంటకు బియ్యము కొలుచునపుడు ఒక పిడికెడు వేరుగా తీసి, ఆ ముష్టి బియ్యమును సత్కార్యములకు ఇచ్చు ఆచారము మన గ్రామములలో ఉండెడిది. బీద విద్యార్థులు వారాలు చేసికొని, రోజుకొక యింట భోజనము చేసి చదువుకొనిరి. అయితే ఆ వారాల గడపలు అన్ని కులముల పిల్లలకు తెరచియుండలేదు. తరువాతి కాలమున వెలసిన వసతి గృహములలోను అనేకము కులముల పేరనే వెలసినవి. వానివలన ఎందరో చదువుకొనిరి, ఆ మేలు కాదనలేము. కాని దానము తనవారిని వెదకికొని పోవు అలవాటును అచటనే స్థిరపడినది. నేడు పూర్వ విద్యార్థులను కూడగట్టువారు ఆ పాత బాటలోనే పోవుచున్నారా అని పరీక్షించుకొనవలెను.

పరీక్షకు మొదటి ఆధారము చిరునామాల పుస్తకము. కళాశాల ప్రవేశ పట్టికలో అందరి పేర్లును ఉండును. పూర్వ విద్యార్థుల సంఘపు జాబితాలో అందరును ఉండరు. రాలిపోయినవారెవరు? మొదట స్త్రీలు. ఏలూరు సెయింట్ థెరిసా మహిళా కళాశాల 1953లో ఆరంభమైనది. ఆనాటినుండి చదివిన స్త్రీలలో పలువురికి వివాహముతో ఇంటిపేరు మారినది, ఊరు మారినది. పాత పేరున వ్రాసిన ఉత్తరము పుట్టింటికి చేరి అచటనే నిలిచిపోవును. చదివిననాటి పేరు, ఇప్పటి పేరు రెండును పక్కపక్కన వ్రాసియుంచినచో ఈ చిక్కు చాలవరకు తీరును. ఇది ధనముతో పనిలేని సంస్కరణ.

పిమ్మట లంకగ్రామములవారు. కృష్ణా గోదావరీ డెల్టాల నడుమనున్న కొల్లేరు 1999లో అభయారణ్యముగా ప్రకటింపబడినది. 2002లో రామ్‌సర్ ఒప్పందము క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలగా గుర్తింపు పొందినది. 2006లో సరస్సులోని చేపల చెరువుల గట్లను ప్రభుత్వము తొలగించినది. సరస్సును కాపాడుటకు చేసిన ఆ పనితో పలు కుటుంబముల జీవనోపాధి మారినది, కొందరు ఊళ్లు విడిచిరి. అట్టి యింట కళాశాల మెట్టెక్కిన తొలి బిడ్డ నేడెచట నున్నాడో తెలిసికొనవలెనన్న, ఆఫీసు కాగితము చాలదు. అతని తరగతివారిని, ఊరివారిని అడుగవలెను.

చిరునామా దొరకిన తరువాత పిలుపు. పూర్వ విద్యార్థుల సభ పెద్ద హోటలులో, పెద్ద రుసుముతో, ఆంగ్ల ఆహ్వానముతో జరిగినచో ఎవరు రావలెనో ముందే నిర్ణయించినట్లగును. ఆదివారము ఉదయము పెట్టిన సభకు ప్రార్థనకు పోవు క్రైస్తవులు రాలేరు. ఏలూరు పరిసరములలో వారి సంఖ్య స్వల్పము కాదు. మేడమీది సభ చక్రాల కుర్చీలో వచ్చువానికి అందదు. తెలుగున వ్రాసిన ఉత్తరము, కళాశాల ఆవరణలోనే సభ, ఎవరికి తోచినంత వారు ఇచ్చు చందా, ఇవి పిలుపును విశాలము చేయును.

అన్ని చోట్లను ఒకే సూత్రము చెల్లదు. 2015లో తాడేపల్లిగూడెమున ఏర్పడిన జాతీయ సాంకేతిక విద్యాసంస్థలో సగము స్థానములు ఇతర రాష్ట్రములవారికి చెందును. అచట తెలుగు రానివారిని మరువరాదు. 2008లో ఏర్పడిన రాజీవ్‌గాంధీ సాంకేతిక విశ్వవిద్యాలయమునకు నూజివీడున ఒక ప్రాంగణము కలదు. అందు ప్రవేశము పదవ తరగతి మార్కులనుబట్టి జరుగును, ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు కొంత అదనపు విలువ కలదు. కాబట్టి గ్రామముల పేద కుటుంబముల బిడ్డలు పెద్దసంఖ్యలో అచట చదివిరి. ఉద్యోగము వచ్చిన వెంటనే తల్లిదండ్రుల అప్పు, చెల్లెలి చదువు వారి జీతమునకై కాచుకొనియుండును. వారిని లక్షలు అడుగుట తగదు. ఉద్యోగ పరీక్షలకు వెనుకటి తరగతులవారిని సిద్ధము చేయుమని, వారమునకొక గంట కాలమిమ్మని అడుగవచ్చును. ఆ గంటయును విరాళమే.

చిన్న మొత్తములను చిన్నచూపు చూడరాదు. వేయిమంది నెలకు నూరు రూపాయలు ఇచ్చినచో ఏడాదికి పండ్రెండు లక్షలగును. అది ఒక్క దాత ఇచ్చినదైన, అతడు మనసు మార్చుకొనిననాడు ఆగిపోవును. వేయిమందిలో పదిమంది మానిన, పని సాగును. పేర్లు చెక్కించు ఫలకముపై మొత్తముల వరుసకు బదులు అక్షరక్రమము పాటించినచో నూరు రూపాయలిచ్చినవానికి తల వంచుకొను పని ఉండదు.

విదేశములలోనున్న మనవారి విషయమున ఒక చట్టము తెలిసియుండవలెను. భారత పౌరుడుగా నుండి విదేశమున పనిచేయువాడు తన సంపాదననుండి బ్యాంకు ద్వారా పంపిన సొమ్ము విదేశీ విరాళము కాదు. విదేశ పౌరసత్వము స్వీకరించినవాడు పంపినచో అది 2010 నాటి విదేశీ విరాళముల నియంత్రణ చట్టము క్రిందికి వచ్చును. అట్టి విరాళము పుచ్చుకొనుటకు సంస్థకు అనుమతి ఉండవలెను. ఇది తెలియక అమెరికా పౌరుడైన పాత విద్యార్థిని అడిగినచో ఇరువురికిని చిక్కు. విదేశమనగా అమెరికా ఒక్కటియే కాదు. గల్ఫు దేశములలో కష్టించు మన జిల్లాల స్త్రీ పురుషులలోను కళాశాల గడప తొక్కినవారుందురు. వారిని పిలుచుట ధనము కొరకు మాత్రమే కాకూడదు.

ఇక ప్రచారము మాట. విరాళములు కోరు పత్రములలో బీద విద్యార్థి ఫొటో, అతని గుడిసె, తల్లి కన్నీరు అచ్చువేయుట వాడుకైనది. ఇది చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకొనుట వంటిది. ఆ పిల్లవాడు రేపు ఉద్యోగియై, పెండ్లి సంబంధములు చూచుకొనునాడును ఆ కాగితము లోకమున తిరుగుచుండును. అతని అనుమతి లేనిదే అతని లేమిని ప్రకటింపరాదు. ఉపకారవేతనము ఇచ్చుచున్నామను అధికారముతో ఆ అనుమతిని పొందరాదు. అతడు చదివినది, సాధించినది చెప్పిన చాలును.

దాతలు కొందరు తమ కులపువారికే ఇమ్మని కోరుదురు. వారిని చిన్నబుచ్చనక్కరలేదు. సంస్థ మాత్రము అవసరమునే కొలమానముగా పెట్టుకొన్న ఉమ్మడి నిధిని ఒకదానిని పెంచుకొనవలెను. దాని జమాఖర్చులను ఏటేట తెలుగున ప్రకటింపవలెను. లెక్క కనిపించినచోట నమ్మకము పెరుగును.

ఈ పనిలో ప్రతి గృహమునకును కొంత భాగము కలదు. మీ యింట ఎవరైనను కళాశాలలో చదివియున్నచో, ఒక్క ఏడాది చదివి మానినవారైనను సరియే, నాటి పేరు, నేటి పేరు, చదివిన సంవత్సరము, ఇప్పటి చిరునామా ఒక కార్డుపై వ్రాసి కళాశాలకు పంపుడు. మీతో చదివి కనుమరుగైన మరొకరి ఆచూకి తెలిసినచో, వారినడిగి, అదియును చేర్చుడు.