సున్నపురాయి: వంటింటి తిన్నె నుంచి సిమెంటు దాకా

రాజపాళయం, మంసాపురం ప్రాంతపు ఇళ్లలో వంటింటి తిన్నెగా పరచే నల్లని పలకను తమిళులు 'కడప్పా కల్లు' అంటారు. పేరే దాని పుట్టుకను చెబుతున్నది. ఇక్కడి రాజుల పూర్వీకుల వలెనే అదీ తెలుగు నేల నుంచి తరలివచ్చినదే. నలుపును చూసి దానిని గ్రానైటు అనుకోవడం కద్దు. నిజానికది సున్నపురాయి, ఈ తేడా ఎరుగకపోతే తిన్నె పాడవుతుంది.

సున్నపురాయి అవక్షేప శిల. సముద్రజలంలోని కాల్షియం కార్బనేటు అడుగున పొరలు పొరలుగా పేరుకొని, పైభారానికి గట్టిపడి రాయి అవుతుంది. అరియలూరు గనుల రాతిలో ప్రాచీన సముద్రజీవుల గుల్లలు శిలాజాలై నేటికీ కనబడతాయి. కడప ప్రాంతపు నార్జి సున్నపురాయి అంతకన్నా ఎంతో పాతది, 50 కోట్ల ఏళ్లకు పైబడినది. గుల్లజీవులు పుట్టకముందే ఏర్పడినది గనుక అందులో శంఖాలను వెదకడం వృథా. పొరల వెంబడి చీలే గుణం ఉన్నందున దానిని పలకలుగా తీయడం సులువు.

సిమెంటుకు ప్రధాన ముడిసరుకు ఈ రాయే. రాజపాళయానికి చెందిన పి.ఎ.సి. రామస్వామి రాజా 1957లో స్థాపించిన మద్రాస్ సిమెంట్స్, నేటి రామ్‌కో, తొలి కర్మాగారాన్ని విరుదునగర్ చెంతనే నెలకొల్పింది. తరువాతి కాలంలో అదే సంస్థ సున్నపురాయి నిల్వలున్న జగ్గయ్యపేట సమీపాన, జయంతిపురంలోనూ కర్మాగారం కట్టింది. వలస ఇటు నుంచి అటుగా కూడా సాగిందన్నమాట.

స్వచ్ఛమైన సున్నపురాయిని 100 కిలోలు బట్టీలో కాలిస్తే 44 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా వెలువడి, 56 కిలోల పొడిసున్నం మిగులుతుంది. నీరు చల్లితే అది బుసబుసమని పొంగి, తీవ్రమైన వేడి పుట్టిస్తుంది. పిల్లలను దూరంగా ఉంచాలి. సున్నం కంటిలో పడితే వెంటనే ధారాళమైన నీటితో చాలాసేపు కడుగుతూ ఆసుపత్రికి చేర్చాలి. గోడకు పూసిన సున్నం గాలిలోని ఆ వాయువునే తిరిగి పీల్చుకొని మెల్లగా రాయిగా మారుతుంది.

ఆమ్లం తగిలితే సున్నపురాయి నురగలు కక్కుతూ కరుగుతుంది. రాతిని గుర్తించే పరీక్ష ఇదే. తిన్నెకు ముప్పూ ఇదే. చింతపండు పులుసు, నిమ్మరసం ఒలికి నిలిచినచోట మెరుపు పోయి తెల్లని మచ్చ పడుతుంది. ఒలికిన వెంటనే తుడవాలి. మరకలు పోవాలని మరుగుదొడ్ల యాసిడ్ పోస్తే మరకతోపాటు రాతి పైపొరా పోతుంది. తేలికపాటి సబ్బునీరు చాలు.