చలికంటే ముందు నీళ్ళ సంగతి



పిల్లల ఇంగ్లీష్ పుస్తకాల్లో 'ఆటమ్' అనగానే ఎర్రటి ఆకులు రాలుతున్న చెట్టు బొమ్మ ఉంటుంది. అవే నెలల్లో చంద్రగిరి కోట వెనక బండల కొండ కూడా పచ్చబడి ఉంటుంది. కారణం ఈశాన్య రుతుపవనాలు. అక్టోబరు మూడో వారం నుంచి డిసెంబరు దాకా పడే ఆ వానలు దాటుకునే మనం చలికాలంలోకి వెళ్తాం. 2021 నవంబరులో స్వర్ణముఖి ఎలా పొంగిందో మీకు గుర్తుండే ఉంటుంది.

అందుకే మన ఇళ్ళల్లో స్వెట్టర్లు, రగ్గులు బయటికి తీసే ముందు నీళ్ళు చూసుకోవాలి. డెంగీ దోమ ఎక్కువగా పెరిగేది మురుగులో కాదు, మంచినీళ్ళలో. మూతలేని సంపు, మిద్దె మీది పాత టైరు, పూలకుండీ కింది పళ్ళెం, ఫ్రిజ్ వెనక ట్రే దానికి చాలు. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులే పడుతుంది. కాబట్టి వారానికోసారి డ్రమ్ములు, తొట్లు ఖాళీ చేయండి. నీళ్ళు ఒంపేస్తే సరిపోదు, లోపలి గోడలు పీచుతో రుద్దాలి. గుడ్లు ఆ గోడలకే అంటుకుని, తడి లేకపోయినా నెలల తరబడి బతుకుతాయి. ఆదివారం ఆ పీచు పిల్లల చేతికే ఇవ్వండి, సైన్సు పాఠం కంటే బాగా గుర్తుంటుంది! ఈ దోమ పగలు కుడుతుంది, కాబట్టి రాత్రి దోమతెర ఒక్కటే చాలదు.

ఒక మాట సూటిగా చెప్పాలి. వీక్లీ టెస్టు పోతుందని జ్వరంతో ఉన్న బిడ్డను బడికి పంపకండి. డాక్టరును అడగకుండా ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వేయకండి. డెంగీలో అసలు గండం జ్వరం తగ్గేటప్పుడే, మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య. ఒళ్ళు చల్లబడిందని మనం నిమ్మళించే సమయం అది. అప్పుడు కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, మగత కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

వానలు వెనకబట్టాక చలి. పగలు బాగా చిన్నదయ్యేది డిసెంబరు 21, 22 తేదీల్లో అయినా, మన దగ్గర పొద్దు అన్నిటికంటే ఆలస్యంగా పొడిచేది జనవరి మూడో వారంలో, ఇంచుమించు 6.40కి. సంక్రాంతి సెలవుల తర్వాత పిల్లలు లేవనని మొరాయిస్తే అది వట్టి బద్ధకం కాదు. రాత్రి పడుకునే వేళ అరగంట ముందుకు జరపండి. పొద్దున వేడిగా ఓ గ్లాసు రాగి జావ ఇవ్వండి. బస్సులో కిటికీ పక్కన కూర్చునే పిల్లలకు చెవులకు మఫ్లరు చుట్టి పంపండి.