నోరు ఒకరిది, మాట ఎవరిది?

గచ్చిబౌలి, నానక్‌రాంగూడ, ఖాజాగూడ, గోపన్‌పల్లి. ఐటీ రాకముందు ఇవన్నీ ఊళ్లే. ఊరన్నాక పోచమ్మ ఉంటుంది, ఆషాఢంలో బోనం ఉంటుంది, డప్పు మోగితే పూనకం వచ్చే మనిషీ ఉంటుంది. ఇప్పుడు ఆ ఊళ్ల నేల మీద అద్దాల మేడలు లేచాయి. వాటిలో పనిచేసేవాళ్లు చాలామంది పూనకాన్ని చూసి నవ్వుకుంటారు. వాళ్లలోనే కొందరు సెలవు రోజున డబ్బు కట్టి మరీ చానెలింగ్ సెషన్‌లో కూర్చుంటారు. అక్కడ ఒకరు కళ్లు మూసుకుని, గొంతు మార్చి, గైడ్ పేరుతోనో మాస్టర్ పేరుతోనో పోయిన తండ్రి పేరుతోనో మాట్లాడతారు. డప్పు పోయి మెత్తని సంగీతం వచ్చింది, వేపమండ పోయి అగరుబత్తి వచ్చింది. జరిగే పని మాత్రం ఒకటే: ఒక మనిషి నోట మరొకరు పలకడం.

ఇది నిజమేనా అని అడిగేవాళ్లు నిజానికి మూడు ప్రశ్నల్ని కలిపి అడుగుతున్నారు. పలికే మనిషి నటిస్తున్నారా? పలికేది నిజంగా వేరే ఎవరైనానా? ఆ పలుకును నమ్మి పని చేయవచ్చా? ‘ఆవిడ చాలా మంచి మనిషి, అబద్ధమాడదు’ అన్న ఒక్క మాటతో మూడింటికీ జవాబు చెప్పేస్తుంటాం. చిక్కంతా అక్కడే.

లష్కర్‌లో రంగం

మనకు బాగా తెలిసిన పలుకు లష్కర్ అని పిలిచే సికింద్రాబాద్‌లోని ఉజ్జయిని మహంకాళి గుడిలో వినిపిస్తుంది. 1813లో జంట నగరాల్లో కలరా ప్రబలినప్పుడు, ఉజ్జయినికి బదిలీ అయిన సైన్యపు డోలీ బేరర్ సురిటి అప్పయ్య అక్కడి మహాకాళికి మొక్కుకున్నాడని, తిరిగొచ్చాక 1815లో ఇక్కడ అమ్మవారిని నిలిపాడని ఆలయ చరిత్ర చెబుతుంది. ఏటా లష్కర్ బోనాల మరునాడు, సోమవారం పొద్దున, అక్కడ రంగం జరుగుతుంది. మాతంగి స్వర్ణలత పచ్చికుండ మీద నిలబడి అమ్మవారికి ఎదురుగా భవిష్యవాణి వినిపిస్తారు. వానలు పడతాయా, పంటలు పండుతాయా, రోగాలు తగ్గుతాయా, చేసిన పూజలతో తల్లి తృప్తి పడిందా అని ఆమెను అడుగుతారు. టీవీలు ప్రత్యక్ష ప్రసారం చేస్తాయి, మరునాడు పత్రికలు అచ్చు వేస్తాయి.

ఈ ఆచారానికి ఉన్న కట్టుబాట్లు గమనించదగ్గవి. పలుకు ఏడాదికొక్కసారి. అదీ వేలమంది ఎదుట. ప్రశ్నకు ఇంత అని ధర లేదు. చెప్పేది ఊరందరి సంగతే తప్ప ఫలానావారి పెళ్లి గురించో ఫలానావారి ఫ్లాటు గురించో కాదు. వానలు బాగా పడతాయని అమ్మ చెప్పిందని రైతు బోరు పూడ్చుకోడు, వాతావరణ శాఖ తన అంచనాలు మానుకోదు. భక్తితో దండం పెట్టిన మనిషే ఇంటికి వెళ్లి తన జాగ్రత్తలో తానుంటాడు. రంగం అబద్ధమని తేల్చాలన్న పట్టుదల లేకుండానే, ఆ పలుకును ఎంతవరకు వాడుకోవాలో జనానికి తెలుసు.

నటన కాదు, అయినా…

పూనకం వచ్చినవాళ్లంతా నటిస్తున్నారనుకోవడం తొందరపాటు. లయగా సాగే మోత, ఉపవాసం, గుంపు ఉత్సాహం, ఇలాంటప్పుడు ఇలాగే జరుగుతుందని చిన్ననాటి నుంచీ చూసి ఉండటం, ఇవన్నీ కలిసినప్పుడు మనిషికి తన మీద తనకుండే అదుపు సడలుతుంది. చేతులు తామే కదులుతున్నట్టు, మాట తానే వస్తున్నట్టు అనిపిస్తుంది. ఆ అనుభవం నిజమైనదే.

బ్రెజిల్‌లో ఆత్మలు తమ చేత రాయిస్తాయని చెప్పే మీడియమ్‌లు చాలామంది. అలాంటి పదిమంది మెదళ్లను స్కాన్ చేసిన పరిశోధన 2012లో ‘ప్లోస్ వన్’ పత్రికలో వచ్చింది. అనుభవం ఎక్కువ ఉన్నవాళ్లు ఆ స్థితిలో రాస్తున్నప్పుడు మెదడులోని కొన్ని భాగాల పని మామూలుగా రాసేటప్పటికంటే తగ్గింది. అంటే వాళ్లు ఊరికే మామూలుగా రాస్తూ ఆత్మ రాస్తోందని నటించడం లేదన్నమాట. అయితే మెదడు తీరు మారిందని స్కాన్ చెబుతుంది గానీ, మారినప్పుడు వచ్చిన మాట ఎక్కణ్నుంచి వచ్చిందో చెప్పదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల పట్టిక 11వ కూర్పు 2022లో అమల్లోకి వచ్చింది. అందులో పూనకానికి సంబంధించిన రుగ్మత ఒకటి ఉంది. కానీ ఒక మతంలోనో సంస్కృతిలోనో ఆచారంగా అంగీకరించిన పూనకాన్ని రుగ్మతగా లెక్కించరాదని కూడా అందులోనే ఉంది. మనిషి కోరకుండా, మళ్లీ మళ్లీ వచ్చి లేదా రోజుల తరబడి ఉండిపోయి, బతుకును అతలాకుతలం చేస్తేనే అది జబ్బు. బోనాల్లో పూనకంతో ఊగిన శివసత్తు మరునాడు తన పనిలో తానుంటే వైద్యుడికి అక్కడ పని లేదు.

వేళ్లు చేసే పని

హాస్టల్ గదుల్లో గ్లాసు బోర్లించి ఆత్మను పిలిచే ఆటకు పాత చరిత్రే ఉంది. 1853లో లండన్‌లో బల్లల చుట్టూ కూర్చుని ఆత్మలతో వాటిని కదిలించే వేడుక జోరుగా నడిచింది. విద్యుత్ శాస్త్రవేత్త మైఖేల్ ఫారడే ఒక పరీక్ష చేశాడు. చేతుల కింద, జారే వీలున్న అట్టల్ని పొరలుగా పెట్టాడు. బల్లే ముందు కదిలితే కింది అట్ట ముందు జరగాలి. చేతులు నెడితే పై అట్ట ముందు జరగాలి. పై అట్టే ముందు జరిగింది. ఆ తర్వాత చెయ్యి ఏ మాత్రం నెట్టినా కూర్చున్నవాళ్లకు కనబడేలా ఒక సూచిక అమర్చాడు. దాన్ని చూస్తూ కూర్చున్నంతసేపూ బల్ల కదల్లేదు. నెట్టినవాళ్లు మోసగాళ్లు కారు, తాము నెడుతున్నామని వాళ్లకే తెలియదు.

2012లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో ఇదే విషయం మరో వైపు నుంచి తేలింది. అవును, కాదు అనే ప్రశ్నలకు తమకు జవాబు తెలియదని, ఊహిస్తున్నామని చెప్పిన మనుషులు నోటితో చెబితే ఆ జవాబుల్లో దాదాపు 50 శాతం సరిపోయాయి. అంటే బొమ్మా బొరుసూ వేసినట్టే. కళ్లకు గంతలు కట్టి ఆత్మల్ని పిలవడానికి వాడే ఊయిజా బల్ల మీద చెయ్యి పెట్టిస్తే అవే రకం ప్రశ్నలకు 65 శాతం సరిపోయాయి. ఎదురుగా మరొకరు కూర్చుని కలిసి కదుపుతున్నారని వాళ్లు నమ్మారు. గంతలు కట్టగానే ఆ రెండో మనిషి చెయ్యి తీసేశాడు. తమకు తెలుసని తమకే తెలియని సంగతిని వాళ్ల వేళ్లే చెప్పాయి. పలుకులో అప్పుడప్పుడూ ఆశ్చర్యపరిచే నిజం దొరకడానికి ఇది ఒక దారి. ఆ నిజం బయటి నుంచి రానక్కర్లేదు.

జెనీవాలో ఒక చంద్రగిరి రాణి

మనసు ఎంత దూరం కల్పించగలదో చూడాలంటే హెలెన్ స్మిత్ కథ వినాలి. అది మారుపేరు. 19వ శతాబ్దం చివర జెనీవాలో ఒక దుకాణంలో ఉద్యోగం చేసేది, సెషన్లకు డబ్బు తీసుకునేది కాదు. పూర్వజన్మలో తాను కన్నడ సీమలో చంద్రగిరి కోట ఏలిన శివ్‌రూకా నాయకుడి భార్యనని, భర్తతో సహగమనం చేశానని చెప్పేది. సంస్కృతంలా వినిపించే మాటలు పలికేది. భాషాశాస్త్రానికి మూలపురుషుడిగా పేరొందిన ఫెర్దినాండ్ ద సస్సూర్ స్వయంగా వాటిని పరిశీలించాడు. సంస్కృతపు ముక్కలు కొన్ని కనిపించాయి గానీ అది భాషగా నిలబడలేదు.

మనస్తత్వవేత్త థియోడోర్ ఫ్లూర్నువా ఏళ్ల తరబడి ఆమెను గమనించాడు. శివ్‌రూకా పేరు, చంద్రగిరి, 1401వ సంవత్సరం, ఈ మూడూ ద మార్లెస్ అనే ఫ్రెంచి రచయిత 1828లో వేసిన భారతదేశ చరిత్రలో ఒకేచోట కనిపించాయి. ఆ పుస్తకం జెనీవా గ్రంథాలయంలోనూ ఉంది. ఆమె అంగారక గ్రహపు భాష కూడా మాట్లాడేది, దానికి లిపి కూడా ఉండేది. ఆ భాష నడక అచ్చంగా ఫ్రెంచిదేనని ఫ్లూర్నువా ఆమెకు చెప్పాడు. కొన్నాళ్లకు ఫ్రెంచికి దూరంగా ఉండే మరో గ్రహపు భాష పుట్టుకొచ్చింది! ఆమె ఎవరినీ మోసం చేయలేదు. ఎప్పుడో కంటబడి మరిచిపోయిన సంగతుల్ని మనసు అల్లి, అవి తనవి కావన్నట్టు మళ్లీ ఆమె ముందే పెట్టింది.

ఆత్మకు పెట్టిన పరీక్షలు

మీడియమ్‌లను పరీక్షించినవాళ్లంతా నాస్తికులు కారు. బ్రిటన్‌లోని సైకికల్ రీసెర్చ్ సొసైటీ స్థాపకుల్లో ఒకడైన ఫ్రెడరిక్ మయర్స్ ఆత్మ మీద గట్టి నమ్మకం ఉన్నవాడు. పోయాక మీడియమ్ ద్వారా చెప్పి చూపాలని 1891లో ఒక సందేశం రాసి, కవరుకు సీలు వేసి, మిత్రుడు ఆలివర్ లాడ్జ్‌కు ఇచ్చాడు. 1901లో కన్నుమూశాడు. ఆ కవరులో ఫలానా మాట ఉందని ఒక మీడియమ్ రాతల్లో వచ్చింది. 1904 డిసెంబరులో తెరిచి చూశారు. పోలికే లేదు.

అమెరికాలో లియొనోరా పైపర్ అనే మీడియమ్‌ను విలియం జేమ్స్ వంటి తత్త్వవేత్త కూడా గౌరవించాడు. ఆమెను ఎవరూ మోసంలో పట్టుకోలేదు. 1909లో మనస్తత్వవేత్త స్టాన్లీ హాల్, బెస్సీ బీల్స్ అనే తన మేనకోడలితో మాట్లాడించమన్నాడు. బెస్సీ వచ్చి మాట్లాడింది. అలాంటి మేనకోడలు ఆయనకు ఎప్పుడూ లేదు.

ఇటీవలి పరీక్షలు ఇంకా కట్టుదిట్టం. మీడియమ్‌కు ఎదుటి మనిషి కనబడకూడదు. వచ్చిన పలుకులన్నీ కలిపేసి, ఏది ఎవరిదో చెప్పకుండా, అందరి చేతా మార్కులు వేయించాలి. తనకు చెప్పినదానికే ఎక్కువ మార్కులు పడితే లెక్క. 2005లో బ్రిటన్‌లో ఓకీఫ్, వైజ్‌మన్ ఐదుగురు వృత్తి మీడియమ్‌లను ఇలా పరీక్షిస్తే ఏమీ తేలలేదు. అమెరికాలోని విండ్‌బ్రిడ్జ్ పరిశోధకులు 2015లో ప్రచురించిన ఫలితాలు మాత్రం మీడియమ్‌ల వైపు మొగ్గాయి. ఆ మాటా చెప్పుకోవాల్సిందే. అయితే అందులోని మొగ్గు చిన్నది. సంబంధం లేని వేరే బృందాలు చేసి చూసినా నిలిచే ఫలితంగా అది ఇంకా స్థిరపడలేదు. రేపటి జీవితాన్ని దాని మీద కట్టుకునేంత గట్టిది అసలే కాదు.

‘అచ్చం నా గురించే’

మరి విన్నవాళ్లకు అంత సరిగ్గా ఎందుకు తగులుతుంది? 1948లో బెర్‌ట్రమ్ ఫోరర్ అనే అధ్యాపకుడు 39 మంది విద్యార్థులకు వాళ్ల వ్యక్తిత్వ పరీక్షా ఫలితమంటూ తలో కాగితం ఇచ్చాడు. ఎంత సరిపోయిందో ఐదుకు మార్కులు వేయమంటే సగటు 4.26 వచ్చింది. అందరి కాగితంలోనూ ఉన్నది ఒకే రాత. ‘పైకి ధైర్యంగా ఉంటావు, లోపల భయం’ అంటే కాదనేవాడెవడు? గచ్చిబౌలిలో అయితే పని ఇంకా సులువు. ‘ఆఫీసులో నీ విలువ గుర్తించడం లేదు, విదేశం మాట నలుగుతోంది, అమ్మానాన్నల ఆరోగ్యం గురించి బెంగ ఉంది’ అంటే నూటికి ఎందరికి తగలదు? పైగా బుకింగ్‌కు పేరు, ఫోన్ నంబరు ఇచ్చి ఉంటాం. లింక్డ్‌ఇన్‌లో ఉద్యోగం, ఇన్‌స్టాగ్రామ్‌లో కుటుంబం కనబడుతూనే ఉంటాయి. మిగిలింది మన ముఖం చూసి, మన ‘అవునండీ’ విని పూర్తి చేయవచ్చు. దుఃఖంలో ఉన్న మనిషి సగం మాట అందగానే మిగతా సగం తానే పూరిస్తాడు.

చానెలింగ్ పుస్తకాలకు తెలుగులో పాఠకుల్ని తెచ్చినవాటిలో పిరమిడ్ ధ్యాన ఉద్యమం ఒకటి. ఆ ఉద్యమాన్ని స్థాపించిన, బోధన్‌లో పుట్టి 2022లో కన్నుమూసిన సుభాష్ పత్రి, అమెరికన్ రచయిత్రి జేన్ రాబర్ట్స్ నోట పలికినట్టు చెప్పే ‘సేత్’ బోధల్ని తన అనుచరులకు పరిచయం చేశారు. ధ్యానం వల్ల నెమ్మది దొరికిందంటే అది కూర్చున్నవాళ్లు తమకు తాము చూసుకోగల విషయం. సేత్ అనే జీవి ఉందా అన్నది వేరే ప్రశ్న. మొదటిది నిజమైనంత మాత్రాన రెండోది నిజమైపోదు. మాటలో సారం ఉంటే ఎవరి పేరు మీద వచ్చినా సారమే, లేకపోతే ఏ లోకం పేరు చెప్పినా లేదు.

కంచె పోయిన చోట

ఇక మూడో ప్రశ్న: ఆ పలుకును నమ్మి పని చేయవచ్చా? వాదన కోసం ఆత్మలు ఉన్నాయనీ, మాట్లాడతాయనీ ఒప్పుకుందాం. బతికున్నన్నాళ్లూ షేర్లలో చేతులు కాల్చుకున్న మేనమామ, పోయాక మాత్రం మార్కెట్ సంగతి ఎలా చెబుతాడు? చనిపోవడం వల్ల తెలివి పెరుగుతుందని ఏ ఆధారంతో అనుకోవాలి?

రంగానికి ఉన్న కట్టుబాట్లు ఒక్కొక్కటే తీసేస్తే మిగిలేది అద్దె గదిలో ఇద్దరు మనుషులు, మధ్యలో ఒక క్యూఆర్ కోడ్. సాక్షులు లేరు, ధర ఉంది. ప్రశ్న ఊరి వానల గురించి కాదు, విడాకుల గురించి, రాజీనామా గురించి, కీమోథెరపీ గురించి. చెప్పింది తప్పితే ‘నీ శక్తి తక్కువైంది, ఇంకో మూడు సెషన్లు కావాలి’ అంటే అడిగే నాథుడు లేడు. పలికేవారు ఎంత నిజాయితీపరులైనా ఈ ఏర్పాటు ప్రమాదమే. అబద్ధమని తెలిసీ నమ్మించి డబ్బు గుంజితే అది మామూలు మోసమే. భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ దానికి సరిపోతుంది.

వెళ్లాలనిపించినవాళ్లు కొన్ని షరతులు పెట్టుకోవచ్చు. అసలు పేరు, నంబరు ముందే ఇవ్వకూడదు. వినేటప్పుడు తల ఊపకూడదు. మొత్తం రికార్డు చేసి, పేర్లు తీసేసి, సంబంధం లేని ఇద్దరు స్నేహితులకు వినిపించాలి. వాళ్లకూ ‘అచ్చం నా గురించే’ అనిపిస్తే జవాబు దొరికినట్టే. మీకు ఇప్పుడు తెలియనిది, తర్వాత సరిచూడగలిగినది ఒక్కటి అడిగి, జవాబు రాసి పెట్టుకోవాలి. పరీక్ష లేకుండా ఒక లైను కోడ్‌ను కూడా బయటికి పంపని మనుషులకు ఇది కొత్త పాఠం కాదు. పోయినవాళ్ల మీద దిగులు తగ్గకపోతే, గొంతులు వినిపించి నిద్ర పట్టకపోతే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ నంబరు 14416 ఉచితం. అక్కడ మాట్లాడేవాళ్లు తమ గొంతుతోనే మాట్లాడతారు.

పూనకం వచ్చిన మనిషిని గౌరవించడానికి ఆ పలుకును నమ్మాల్సిన పని లేదు. ఆ పలుకును పరీక్షించడం ఆ మనిషిని అవమానించడమూ కాదు. దండం పెట్టాలనిపిస్తే పెట్టండి. సంతకం మాత్రం మీ బుద్ధితో చేయండి.