గోస్తనీ మొగలో చేపల వేటగాడు

పిల్లలూ, భీమిలిలో గద్ద అనగానే పడవల చుట్టూ తిరిగే గరుడపక్షే మీకు గుర్తొస్తుంది. తల, రొమ్ము తెలుపు. మిగతా ఒళ్లంతా ఇటుకరంగు. అది ఇక్కడిదే. ఒడ్డున పారేసిన చేపనైనా ఏరుకుని తింటుంది. చలికాలంలో మన తీరానికి ఇంకో వేటగాడు వస్తాడు. గోస్తనీ సముద్రంలో కలిసే మొగ లాంటి చోట్లంటే వాడికి మహా ఇష్టం. పొట్ట తెలుపు, వీపు ముదురు గోధుమరంగు, కంటి మీదుగా మెడదాకా నల్లటి చార. పేరు ఆస్ప్రే. కొరమీను గద్ద అని కూడా అంటారు. రెక్కలు చాపితే ఐదడుగులు ఉంటుంది గానీ, బరువు కిలోన్నర అటూ ఇటూ. తిండి దాదాపు చేపలే, అవీ బతికున్నవే.

"తాతా, అంత పైనుంచి నీళ్లలో చేప ఎలా దొరుకుతుంది?" అంటారా? చిక్కంతా అక్కడే ఉంది. నీళ్లలోంచి బయటికొచ్చే వెలుగు వంగుతుంది. తిన్నగా పైనుంచి చూసినా మీటరు లోతున్న చేప ముప్పావు మీటరులోనే ఉన్నట్టు అనిపిస్తుంది. ఏటవాలుగా చూస్తే ఆ తేడా ఇంకా పెరుగుతుంది. అందుకే ఈ గద్ద గాలిలో రెక్కలాడిస్తూ ఒకచోటే నిలబడి, గురిచూసి, నిట్టనిలువుగా దూకుతుంది. ఆఖరి క్షణంలో కాళ్లు ముందుకు చాపుతుంది. నీళ్లు పోకుండా ముక్కు రంధ్రాలు మూసుకుంటాయి. మీటరు లోతుకు మించి మాత్రం అందుకోలేదు.

జారిపోయే చేపను పట్టడానికి దాని అరికాళ్ల నిండా గరుకైన ముళ్లుంటాయి. బయటి వేలు వెనక్కి తిరుగుతుంది కాబట్టి రెండు వేళ్లు అటు, రెండు ఇటు బిగుసుకుంటాయి. పైకి లేచాక చేప తలను ముందుకు తిప్పి పట్టుకుంటుంది. అలా పడితే గాలి అంతగా అడ్డుకోదు.

గూడు మాత్రం ఇక్కడ కట్టదు. అది ఉత్తరాది చల్లటి దేశాల్లో. జంట ఏటా పాత గూటికే చేరి, పుల్లలు చేర్చి పెంచుకుంటుంది. రెండు మూడు గుడ్లు, అయిదారు వారాల పొదుగుడు. ఆడది ఎక్కువగా పొదుగుతుంటే మగది చేపలు తెస్తుంది. ఏడెనిమిది వారాలకు పిల్లలు ఎగురుతాయి. ఆ తర్వాతి వింత వినండి: తొలి వలసలో అమ్మానాన్నలు వెంట రారు. వేల కిలోమీటర్ల దారిని పిల్ల ఒంటరిగానే ఎగురుకుంటూ వస్తుంది!

ఇంతటి పక్షినీ మనిషి మందు కుంగదీసింది. పొలాల్లో చల్లిన డీడీటీ అనే పురుగుల మందు నీళ్లలోకి, చేపల్లోకి, అక్కణ్ణుంచి ఈ గద్ద ఒంట్లోకి చేరింది. గుడ్ల పెంకులు పలచబడి, పొదిగేటప్పుడే చితికిపోయాయి. అమెరికా 1972లో డీడీటీని నిషేధించాక అక్కడ వీటి సంఖ్య మళ్లీ పెరిగింది. తప్పు దిద్దుకుంటే ప్రకృతి కోలుకుంటుంది.

ఇప్పుడు మన వంతు. తెగిన నైలాను వలముక్కలు, గాలపు దారాలు కాళ్లకు చుట్టుకుంటే ఈ గద్దలు చచ్చిపోతాయి. ఒడ్డున అలాంటి వలముక్కలు, దారాలు కనిపిస్తే ఏరి చెత్తబుట్టలో వెయ్యండి. మొగలోకి మాత్రం ఏమీ విసరకండి.