మెత్తబడిన బ్రేకు

2018 సెప్టెంబరు 11న జగిత్యాల జిల్లా కొండగట్టు కనుమదారిలో బస్సు లోయలో పడి 60 మందికి పైగా మరణించారు. బ్రేకులపై అనుమానం కలిగింది. కారులోనైతే బ్రేకు దోషాన్ని చాలావరకు పాదమే ముందుగా పసిగట్టగలదు.

ద్రవం ఒత్తిడికి కుంచించుకుపోదు, గాలి కుంచించుకుపోతుంది. కనుక గొట్టాలలో గాలి చేరితే పెడలు స్పాంజివలె మెత్తబడుతుంది. నొక్కిపట్టిన పెడలు మెల్లగా అడుగుకు దిగిపోతున్నదంటే లోపం వేరు. గొట్టాల వెంట, చక్రాల వద్ద ద్రవం కారిన తడి లేకపోతే, సాధారణంగా మాస్టర్ సిలిండరులోని రబ్బరు వాషర్లు అరిగినట్లే. మాటిమాటికీ తొక్కితే పెడలు పైకి లేస్తుంది. దానిని చూసి లోపం తొలగిందనుకోవడం ప్రమాదకరం. కోరుట్లకో, సిరిసిల్లకో బయలుదేరక ముందే సిలిండరును మార్పించి, బుడగలు ఆగేవరకు గాలి తీయించాలి. బ్రేకు ఆయిలు పేరుకే నూనె. దానికి బదులు ఇంజను ఆయిలు పోస్తే రబ్బరు ఉబ్బి చెడిపోతుంది.