సెకండ్‌హ్యాండ్ వీడియో గేమ్‌లపై రుసుము

సెకండ్‌హ్యాండ్ వీడియో గేమ్‌లపై రుసుము అనగా, ఒకరు కొని, ఆడి, అమ్మివేసిన వీడియో గేమ్‌ను మరొకరు కొన్నపుడు, ఆ ఆటలోని కొంత భాగాన్ని వాడుకొనటానికి ఆ రెండవవారు ఆట ప్రచురణకర్తకు విడిగా చెల్లించవలసి వచ్చిన సొమ్ము. ఈ విధానాన్ని సాధారణంగా ఆన్‌లైన్ పాస్ అని పిలిచేవారు. 2010 నుండి 2013 వరకు అమెరికా, ఫ్రాన్స్, జపాన్ దేశాలకు చెందిన కొన్ని పెద్ద సంస్థలు దీనిని అమలు చేశాయి. రుసుము కొద్దికాలానికే రద్దయినది. కాని డబ్బిచ్చి కొన్న ఆట కొన్నవారికి సొంతమా, లేక వాడుకొనటానికి ఇచ్చిన అనుమతి మాత్రమేనా అన్న ప్రశ్న ఇప్పటికీ మిగిలి ఉన్నది. ఈ ప్రశ్నకు దగ్గరి సంబంధం ఉన్న ఒక ముఖ్యమైన తీర్పును భారత సుప్రీం కోర్టు 2004లో ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం ఒక కక్షిగా ఉన్న కేసులో ఇచ్చినది.

నేపథ్యం

వీడియో గేమ్‌ను తయారుచేసేవారు వేరు, ప్రచురించేవారు వేరు కావచ్చును. రచయిత వ్రాసిన పుస్తకాన్ని ప్రచురణకర్త అచ్చువేసి అమ్మినట్లే, ఆట తయారీకి పెట్టుబడి పెట్టి, ప్రచారం చేసి, డిస్కులను దుకాణాలకు చేర్చే సంస్థను గేమ్ పబ్లిషర్ అంటారు. ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ వంటి యంత్రాలపై ఆడే ఆటలు చాలాకాలం పాటు డిస్కుల రూపంలోనే అమ్ముడయ్యాయి. డిస్కు చేతిలో ఉన్నవారు ఆడుకోవచ్చును. ఆడటం పూర్తయిన తరువాత స్నేహితునికి ఇవ్వవచ్చును, అమ్మవచ్చును.

అమెరికాలో గేమ్‌స్టాప్ అనే దుకాణాల సంస్థ ఈ పాత డిస్కులను కొని, తిరిగి అమ్మే వ్యాపారాన్ని పెద్ద ఎత్తున నడిపినది. 2010 ప్రాంతంలో ఆ సంస్థ స్థూల లాభంలో దాదాపు సగం పాత సరుకు అమ్మకాల నుండే వచ్చేది. కొత్త ఆట ధర 60 డాలర్లు ఉండగా, కొద్ది రోజులు వాడిన డిస్కును 55 డాలర్లకు అమ్మటం మామూలుగా ఉండేది. పాత డిస్కు ఎన్ని చేతులు మారినా ప్రచురణకర్తకు అందులో వాటా ఉండదు. ప్రచురణ సంస్థల అసంతృప్తికి ఇదే మూలం.

ఇక్కడ ఒక భేదాన్ని గుర్తించవలసి ఉన్నది. సెకండ్‌హ్యాండ్ ప్రతి వేరు, దొంగ ప్రతి వేరు. దొంగ ప్రతి విషయంలో ఒకటి ఉన్నచోట రెండు తయారవుతాయి. సెకండ్‌హ్యాండ్ ప్రతి ఎప్పుడూ ఒకటే. మొదటివారు వదులుకుంటేనే రెండవవారికి దక్కుతుంది.

పనిచేసిన విధానం

కొత్త ఆట పెట్టెలో డిస్కుతో పాటు అక్షరాలు, అంకెలు కలిసిన ఒక కోడ్ ముద్రించిన కాగితం ఉండేది. కొన్నవారు ఆ కోడ్‌ను ఇంటర్నెట్ ద్వారా తమ ఖాతాలో నమోదు చేసుకొనేవారు. కోడ్ ఒక్కసారి మాత్రమే చెల్లుతుంది. డిస్కును అమ్మవచ్చును గాని, ఒక ఖాతాకు అంటుకున్న కోడ్‌ను అమ్మటానికి వీలులేదు. అందువలన పాత డిస్కు కొన్నవారికి ఆటలో కొంత భాగం మూసి ఉండేది. దానిని తెరవటానికి సాధారణంగా 10 డాలర్లు చెల్లించి కొత్త కోడ్ కొనవలసి వచ్చేది.

దీనిని పాఠ్యపుస్తకాలతో పోల్చి చూడవచ్చును. విజయనగరంలోనో, శ్రీకాకుళంలోనో ఇంటర్మీడియట్ పూర్తి చేసిన విద్యార్థి తన పుస్తకాలను తరువాతి తరగతివారికి సగం ధరకు ఇవ్వటం మామూలు విషయం. ఆ పుస్తకంలో చివరి రెండు పాఠాలు మొదటి విద్యార్థి పేరు మీద మాత్రమే తెరుచుకొని, రెండవ విద్యార్థి వాటి కోసం ప్రచురణకర్తకు మళ్ళీ డబ్బు కట్టవలసి వస్తే ఎలా ఉంటుందో, ఆన్‌లైన్ పాస్ అలా ఉండేది.

అమలు చేసిన సంస్థలు

* సోనీ సంస్థ 2010 ఫిబ్రవరిలో ప్లేస్టేషన్ పోర్టబుల్ కొరకు విడుదల చేసిన సోకామ్: ఫైర్‌టీమ్ బ్రావో 3 ఆటను ఇతరులతో కలిసి ఇంటర్నెట్‌లో ఆడటానికి కోడ్ అవసరమైనది. పాత ప్రతి కొన్నవారికి దాని ధర 20 డాలర్లు. 2011లో రెసిస్టెన్స్ 3 ఆటతో సోనీ తన పాస్ పద్ధతిని మొదలుపెట్టినది.
* ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ 2010 మే నెలలో ఆన్‌లైన్ పాస్‌ను ప్రకటించి, టైగర్ వుడ్స్ పీజీఏ టూర్ 11 అనే గోల్ఫ్ ఆటతో ప్రారంభించినది. ధర 10 డాలర్లు.
* టీహెచ్‌క్యూ సంస్థ అదే సంవత్సరం యూఎఫ్‌సీ అన్‌డిస్ప్యూటెడ్ 2010 ఆటకు 5 డాలర్లు నిర్ణయించినది.
* వార్నర్ బ్రదర్స్ 2011లో విడుదల చేసిన బ్యాట్‌మన్: ఆర్ఖమ్ సిటీలో క్యాట్‌ఉమన్ పాత్రతో ఆడే ఘట్టాలను కోడ్ వెనుక ఉంచినది. ఈ ఘట్టాలు ఒంటరిగా ఆడేవి. అనగా, ఇతరులతో ఇంటర్నెట్‌లో ఆడటం అనే సేవతో వాటికి సంబంధం లేదు.
* ఫ్రాన్సుకు చెందిన యూబీసాఫ్ట్ 2011లో యూప్లే పాస్‌పోర్ట్ పేరుతో ఇదే పద్ధతిని ప్రకటించినది.

రుసుము భారం ఎవరిపై పడినది

పైపైన చూస్తే ఈ రుసుమును రెండవ కొనుగోలుదారు చెల్లించినట్లు కనబడుతుంది. 55 డాలర్ల పాత డిస్కుకు 10 డాలర్ల పాస్ కలిపితే 65 డాలర్లు అవుతుంది. ఇది కొత్త ఆట ధర కంటే 5 డాలర్లు ఎక్కువ. ఆ ధరకు తెలిసినవారెవరూ పాతది కొనరు. కాబట్టి దుకాణదారు పాత డిస్కు ధర తగ్గించవలసి వస్తుంది. ఆ మేరకు, మొదటివారి నుండి డిస్కును కొనేటపుడే తక్కువ ఇస్తాడు. ఈ విధంగా భారంలో కొంత భాగం, పూర్తి ధర పెట్టి కొత్త ఆట కొన్న మొదటివారిపైనే పడుతుంది. కొత్త ఆట కొనేవారిలో చాలామంది, ఆడిన తరువాత అమ్మితే కొంత తిరిగి వస్తుందన్న లెక్కతోనే కొంటారు. తిరిగి వచ్చేది తగ్గితే, వారికి కొత్త ఆట ధర పెరిగినట్లే లెక్క.

రుసుము సంగతి తెలియక పాత డిస్కు కొన్నవారు మరింత నష్టపోయారు. పాత ఆటలు కొన్నవారికి అదనపు ఖర్చు గురించి చెప్పలేదన్న ఆరోపణపై గేమ్‌స్టాప్ మీద 2010లో కాలిఫోర్నియాలో దావా పడినది. 2012లో కుదిరిన రాజీ ప్రకారం, అదనపు సొమ్ము చెల్లించవలసి రావచ్చునని ఆ రాష్ట్రంలోని దుకాణాలలో రెండేళ్ళపాటు సూచికలు పెట్టటానికి ఆ సంస్థ అంగీకరించినది.

వాద ప్రతివాదాలు

ప్రచురణ సంస్థల ప్రధాన వాదన సర్వర్ల ఖర్చు. ఇంటర్నెట్‌లో కలిసి ఆడే ఆటలకు సర్వర్లను నిరంతరం నడపాలి. పాత డిస్కు కొన్నవారి నుండి సంస్థకు ఏమీ రాదు గాని, సర్వర్‌ను వారూ వాడుకుంటారు.

ఈ వాదన ఉత్తరాంధ్ర సంతలలోని ఆశీలు వంటిది. శ్రీకాకుళం జిల్లా నారాయణవలస, విజయనగరం జిల్లా మానాపురం పశువుల సంతలకు పేరుపొందినవి. సంతలో పశువు చేతులు మారినపుడు వసూలు చేసే రుసుమును ఆశీలు అంటారు. అదే ఎద్దు మరుసటి ఏడు మళ్ళీ సంతకు వస్తే మళ్ళీ ఆశీలు కట్టవలసినదే. స్థలం ఏర్పాటు చేసినందుకు ప్రతిఫలంగా అది చెల్లుతుంది. సర్వర్ కూడా అటువంటి స్థలమేనని ప్రచురణ సంస్థలు భావించాయి.

అయితే పోలికలో తేడా ఉన్నది. సంతకు వచ్చిన ప్రతిసారీ ఎద్దు చోటు ఆక్రమిస్తుంది. డిస్కు విషయంలో, మొదటి ఆటగాడు తన చోటు ఖాళీ చేసిన తరువాతనే రెండవవాడు అందులోకి వస్తాడు. ఒక డిస్కుతో ఒక సమయంలో ఒకరే ఆడగలరు. ఆ ఒక్క చోటుకు మొదటి అమ్మకంలోనే సొమ్ము ముట్టినది. పైగా ఆశీలు సంత నిర్వహణకు చెందుతుంది గాని, ఎద్దును మొదట పెంచి అమ్మిన రైతుకు చెందదు. మొదటి ఆటగాడు మానకుండా ఉండి ఉంటే కంటే సర్వర్ వాడకం కొంత ఎక్కువ కాలం సాగుతుందన్న మాట మాత్రం నిజమే. కాని ఒంటరిగా ఆడే క్యాట్‌ఉమన్ ఘట్టాల వంటివాటికి ఈ వాదన వర్తించదు.

విదేశీ చట్టాలు

ఒక ప్రతిని హక్కుదారు ఒకసారి అమ్మిన తరువాత, ఆ ప్రతి మళ్ళీ అమ్మకంపై హక్కుదారుకు అధికారం ఉండదన్నది అనేక దేశాలు అంగీకరించిన సూత్రం. దీనిని తొలి విక్రయ సూత్రం అంటారు. అమెరికాలో ఒక ప్రచురణ సంస్థ తన నవలను ఒక డాలరు కంటే తక్కువకు అమ్మరాదని పుస్తకంలోనే ముద్రించినది. మేసీస్ దుకాణం దానిని 89 సెంట్లకు అమ్మినది. అటువంటి షరతు పెట్టే అధికారం కాపీరైటు చట్టం ఇవ్వదని ఆ దేశపు సుప్రీం కోర్టు 1908లో తీర్పు చెప్పినది. జపాన్‌లో గేమ్ సంస్థలు పాత ఆటల దుకాణాలపై వేసిన కేసులో, మొదటి అమ్మకంతోనే పంపిణీ హక్కు తీరిపోతుందని అక్కడి సుప్రీం కోర్టు 2002 ఏప్రిల్ 25న తేల్చినది.

ఆన్‌లైన్ పాస్ ఈ సూత్రాన్ని ఉల్లంఘించలేదు, దాని పక్కనుండి తప్పుకొని పోయినది. డిస్కు అమ్మకాన్ని ఎవరూ నిషేధించలేదు. ఆటను రెండుగా విడదీసి, ఒక భాగాన్ని డిస్కులోను, మరొక భాగాన్ని ఖాతాలోను పెట్టారు. డిస్కు వస్తువు. ఖాతా ఒప్పందం. తొలి విక్రయ సూత్రం వస్తువుకే వర్తిస్తుంది.

భారతదేశం, ఆంధ్ర ప్రదేశ్ కేసు

భారత కాపీరైటు చట్టం 1957లోని 14వ సెక్షన్ ప్రకారం, పుస్తకాల విషయంలో హక్కుదారుకు ఉన్నది అప్పటికే చలామణిలో ఉన్న ప్రతులు కాక ఇతర ప్రతులను ప్రజలకు విడుదల చేసే హక్కు. అందుకే పాత పుస్తకాలు అమ్మేవారికి ప్రచురణకర్త అనుమతి అక్కరలేదు. కంప్యూటర్ ప్రోగ్రాముల విషయంలో 1994 సవరణ కఠినంగా ఉండేది. ప్రతి అంతకుముందు అమ్ముడైనా, కాకున్నా అమ్మకపు హక్కు హక్కుదారుదేనని అందులో ఉన్నది. 1999 సవరణలో ఆ మాటలను తొలగించారు.

అదే కాలంలో, డిస్కులో ఉన్న సాఫ్ట్‌వేర్ అసలు సరుకేనా అన్న వివాదం ఆంధ్ర ప్రదేశ్‌లో నడిచినది. ఆంధ్ర ప్రదేశ్ సాధారణ అమ్మకపు పన్ను చట్టం కింద సాఫ్ట్‌వేర్ అమ్మకాలపై రాష్ట్రం పన్ను కోరగా, అది కంటికి కనబడని మేధా సంపద గనుక సరుకు కాదని టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ వాదించినది. 2004 నవంబరు 5న ఐదుగురు న్యాయమూర్తుల సుప్రీం కోర్టు ధర్మాసనం రాష్ట్రం పక్షాన తీర్పు ఇచ్చినది. పుస్తకం కొన్నవారు కాగితాన్ని, విషయాన్ని కలిపి కొన్నట్లే, సాఫ్ట్‌వేర్‌ను డిస్కులో ఎక్కించి అమ్మినపుడు అది సరుకే అవుతుందన్నది ఈ తీర్పు సారాంశం. 2021 మార్చి 2న ఇంజినీరింగ్ ఎనాలిసిస్ కేసులో సుప్రీం కోర్టు 1999 సవరణను, తొలి విక్రయ సూత్రాన్ని పరిశీలించి, పెట్టెలో అమ్మే సాఫ్ట్‌వేర్‌కు పంపిణీదారులు చెల్లించేది సరుకు ధరే గాని రాయల్టీ కాదని చెప్పినది. ఈ రెండు కేసులూ పన్నులకు సంబంధించినవి. అయినా, డిస్కు సరుకు అనే మాట కొన్నవారికి బలం ఇచ్చేదే.

రద్దు, తరువాతి పరిణామాలు

ఆటగాళ్ళ వ్యతిరేకత కారణంగా ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ 2013 మే నెలలో, యూబీసాఫ్ట్ అదే సంవత్సరం నవంబరులో తమ పాస్‌లను రద్దు చేశాయి. 2013 జూన్ 6న మైక్రోసాఫ్ట్, ఎక్స్‌బాక్స్ వన్ యంత్రం 24 గంటలకు ఒకసారి ఇంటర్నెట్‌కు అనుసంధానం కావాలని, పాత ఆటల అమ్మకం ప్రచురణకర్తల ఇష్టాన్ని బట్టి ఉంటుందని ప్రకటించినది. జూన్ 10న సోనీ తన ప్లేస్టేషన్ 4లో అటువంటి ఆంక్షలు ఉండవని చెప్పగా, మైక్రోసాఫ్ట్ జూన్ 19న వెనక్కు తగ్గినది.

రుసుము పోయినది గాని, దానికి ఆధారమైన ఖాతా పద్ధతి స్థిరపడినది. డిస్కు లేకుండా ఇంటర్నెట్ నుండి దింపుకొనే ఆటకు పాస్ అవసరమే లేదు. అది మొదటి నుండి ఖాతాకు అంటుకొని ఉంటుంది కనుక తిరిగి అమ్మటానికి ఏమీ మిగలదు. ఐరోపా న్యాయస్థానం 2012లో యూజ్డ్‌సాఫ్ట్ కేసులో దింపుకొన్న సాఫ్ట్‌వేర్ లైసెన్సును కూడా తిరిగి అమ్మవచ్చునని చెప్పినది. కాని ఆటల విషయంలో, స్టీమ్ దుకాణాన్ని నడిపే వాల్వ్ సంస్థపై ఫ్రాన్సు వినియోగదారుల సంఘం 2019లో పారిస్ న్యాయస్థానంలో గెలిచి, 2022లో అప్పీలులో ఓడినది. 2024లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానం కూడా అప్పీలు తీర్పునే ఖాయం చేసినది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 2025 జనవరి 1 నుండి, డిజిటల్ సరుకు అమ్మేవారు ఇచ్చేది లైసెన్సు మాత్రమే అయినపుడు ఆ సంగతి కొనేవారికి స్పష్టంగా చెప్పాలని చట్టం చేసినది. 2025లో వచ్చిన నింటెండో స్విచ్ 2 యంత్రానికి కొన్ని ఆటలను గేమ్ కీ కార్డు రూపంలో అమ్ముతున్నారు. కార్డులో ఆట ఉండదు, దానిని దింపుకొనే తాళం మాత్రమే ఉంటుంది. ఆ కార్డును మాత్రం తిరిగి అమ్ముకోవచ్చును.

కనుక ఆట కొనే విద్యార్థి ధరతో పాటు మరొక విషయం కూడా చూసుకోవలసి ఉన్నది. 3,000 రూపాయల డిస్కును 1,500 రూపాయలకు తిరిగి అమ్ముకోగలిగితే అసలు ఖర్చు 1,500 రూపాయలే. ఖాతాకు అంటుకున్న ఆటను 2,000 రూపాయలకు కొన్నా, ఖర్చు మొత్తం 2,000 రూపాయలు.